దారుష్షిఫా నుంచి బీబీనగర్ దాకా: దవాఖానను నిలబెట్టేది ఏది?

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





దవాఖానల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం మమ్మల్ని కోరింది. మేము డాక్టర్లం కాము. బడిలో చరిత్ర పాఠం చెప్పుకొనేవాళ్ళం. అయినా ఒప్పుకొన్నామంటే కారణం ఉంది. ఈ యేడు సొసైటీ ముందు ఒక ప్రశ్న నిలబడి ఉంది. వైద్య సహాయం కింద దాతలు ఇచ్చిన సొమ్ముతో మన పేరున ఒక చిన్న క్లినిక్ భవనం కట్టాలని కొందరు పెద్దల అభిప్రాయం. ఆ సొమ్మును రాబడి వచ్చే ఆస్తిగా మార్చి, ఆ రాబడితో ఏటేటా రోగులకు తోడ్పడాలని మరికొందరి అభిప్రాయం. రెండూ మంచి మనసుతో చెప్పిన మాటలే. తేల్చుకొనే ముందు, మనకంటే ముందు ఈ దారిన నడిచినవాళ్ళు ఏం చేశారో చూసి రావడం మేలనిపించింది. అందుకే పదో తరగతి పిల్లల్ని, సొసైటీ యువకుల్ని వెంటబెట్టుకొని ఒకరోజు బీబీనగర్ ఎయిమ్స్‌కు, ఇంకోరోజు హైదరాబాద్ పాతబస్తీకి వెళ్ళి వచ్చాం. అక్కడ చూసిందీ, దాని గురించి చదివిందీ మీ ముందు పెడుతున్నాం.

బీబీనగర్‌లో

నల్లగొండలో సికింద్రాబాద్ రైలెక్కితే బీబీనగర్ దారిలోనే వస్తుంది. 2016లో జిల్లాలు విడిపోయేదాకా అది మన నల్లగొండ జిల్లాలోదే. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా. వరంగల్ రోడ్డు పక్కన కనిపించే ఆ దవాఖానకు ఒక చిన్న వంశవృక్షం ఉంది. ముందుగా ఆ భవనం హైదరాబాద్ నిమ్స్‌కు అనుబంధంగా మొదలైంది. ఆ నిమ్స్ ఎక్కడి నుంచి వచ్చింది? నిజాం ఛారిటబుల్ ట్రస్టు సొమ్ముతో మొదలైన ఎముకల దవాఖాన నుంచి వచ్చింది. 2018 డిసెంబరులో కేంద్రం ఎయిమ్స్‌ను మంజూరు చేసింది. 2019లో 50 మంది విద్యార్థులతో మొదటి ఎంబీబీఎస్ తరగతి మొదలైంది. ఒక ట్రస్టు ఎప్పుడో వేసిన విత్తు ఎన్ని చేతులు మారి, ఎక్కడ మొలకెత్తిందో చూడండి. వేసినవాళ్ళు ఇది ఊహించి ఉండరు.

పొద్దున్నే ఓపీ దగ్గర నిలబడ్డాం. రిజిస్ట్రేషన్ కౌంటర్, టోకెన్, శాఖల వారీగా గదులు, రక్త పరీక్షలకు వేరే వరుస, మందులకు వేరే వరుస. తెల్లకోటు వేసుకున్న విద్యార్థులు పెద్ద డాక్టరు వెంట తిరుగుతూ రోగి మంచం దగ్గరే పాఠం నేర్చుకొంటున్నారు. మన పిల్లలకు అది బాగా నచ్చింది. పాఠం అంటే నల్లబల్ల ముందు కూర్చోవడమే అనుకొనేవాళ్ళకు, మనిషి దగ్గర నిలబడి నేర్చుకోవడం కొత్తగా తోచింది.

బయటికి వచ్చాక ఒక అమ్మాయి అడిగింది: "సార్, రోగికైతే డాక్టరున్నాడు, మందులున్నాయి. ఊరి నుంచి తోడొచ్చిన వాళ్ళమ్మ పొద్దుటి నుంచి ఏం తిన్నది?" పెద్ద దవాఖాన ఏదైనా సరే, గుంటూరులోనైనా హైదరాబాద్‌లోనైనా, గేటు బయట చెట్టు కింద టిఫిన్ డబ్బా పట్టుకొని కూర్చున్నవాళ్ళను మనందరం చూసే ఉంటాం. ఆ ప్రశ్న మా వెంట పాతబస్తీ దాకా వచ్చింది.

దారుష్షిఫాలో, ఉస్మానియాలో

పురానీ హవేలీ దగ్గర దారుష్షిఫా ఉంది. నగరం కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1595లో దాన్ని కట్టించాడు. హైదరాబాద్ పుట్టి అప్పటికి నాలుగేళ్ళే. చార్మినార్, మసీదులు, బజార్లతో పాటే దవాఖాన కూడా లేచిందన్నమాట. రెండంతస్తుల కట్టడం, మధ్యలో విశాలమైన అంగణం, నాలుగు వైపులా గదులు. నాలుగు వందల మంది దాకా రోగులుండే చోటని చెబుతారు. యునానీ హకీములు అక్కడే వైద్యం చేసేవారు, అక్కడే శిష్యులకు నేర్పేవారు. పొద్దున బీబీనగర్‌లో చూసిన తెల్లకోట్లే మరో రూపంలో ఇక్కడ ఉండేవన్నమాట. దగ్గరలోనే బాటసారుల కోసం సరాయి ఉండేది. దూరం నుంచి వచ్చినవాళ్ళు ఎక్కడ పడుకుంటారన్న ఆలోచన కట్టించినవాళ్ళకు ఉంది.

దాదాపు రెండున్నర శతాబ్దాలకు పైగా ఆ చోటు రోగులకు పనికొచ్చింది. తర్వాత కొత్త వైద్యం వచ్చింది, కొత్త దవాఖానలు లేచాయి. ఇప్పుడక్కడ సర్తౌఖ్ ముబారక్ ఆశూర్‌ఖానా ఉంది, మొహర్రంలో జనం వస్తారు. హకీములు లేరు, మంచాలు లేవు. గోడలు చాలావరకు ఉన్నాయి.

మూసీ దాటితే అఫ్జల్‌గంజ్. అక్కడి కథ దీనికి తలకిందులు. 1866లో అక్కడ అఫ్జల్‌గంజ్ దవాఖాన మొదలైంది. మన మహబూబ్‌నగర్‌కు ఎవరి పేరుందో ఆ మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో అది ప్రపంచానికి తెలిసింది. ఆపరేషన్‌కు క్లోరోఫాం ఇచ్చినప్పుడు ప్రాణాపాయం గుండె వల్లనా, శ్వాస వల్లనా అని తేల్చడానికి 1888లో, 1889లో రెండు హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ముందుండి నడిపాడు. రెండో కమిషన్ కోసం నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చి, లండన్ లాన్సెట్ పత్రిక తరఫున నిపుణుణ్ణి రప్పించాడు. వాళ్ళు చెప్పిన తీర్పును తర్వాతి పరిశోధనలు సవరించాయి. కానీ ప్రశ్న వేయడానికి, దానికి డబ్బు పెట్టడానికి మన నేల మీద మనుషులున్నారు. మత్తు వైద్యంలో పేరుపొందిన మొదటి మహిళల్లో ఒకరైన డాక్టర్ రూపాబాయి ఫర్దూన్జీ హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదివినవారే. 1846లో పెట్టిన ఆ స్కూల్లో పాఠాలు ఉర్దూలో చెప్పేవారు. జనం భాషలో వైద్యం నేర్పొచ్చని అప్పుడే చూపించారు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. అఫ్జల్‌గంజ్ దవాఖాన కొట్టుకుపోయింది. ఆవరణలోని చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారు. ఆ చెట్టును ఇప్పటికీ చూపిస్తారు, మా పిల్లలు కూడా దాన్ని చూశారు. గోడలు పోయాయి కదా అని దవాఖాన ఆగలేదు. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో విన్సెంట్ ఎష్ గీసిన నమూనాతో 1925 నాటికి ఉస్మానియా దవాఖాన లేచింది. నూరేళ్ళకు ఆ భవనమూ పాతబడింది. 2020 వానల్లో వార్డుల్లోకి నీళ్ళు వచ్చాక పాత భవనంలోని రోగుల్ని పక్క భవనాలకు మార్చారు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త భవనానికి శంకుస్థాపన జరిగింది. మూడు భవనాలు, దవాఖాన మాత్రం ఒక్కటే.

ఈ రెండు చోట్లను పక్కపక్కన పెట్టి పిల్లల్ని అడిగాం. ఒకచోట గోడలున్నాయి, దవాఖాన లేదు. ఇంకోచోట గోడలు రెండుసార్లు పోయాయి, దవాఖాన ఉంది. తేడా ఎక్కడుంది? జీతాలు, మందులు, అన్నం ఏటేటా ఆగకుండా వచ్చిన చోట దవాఖాన నిలిచింది.

వెనకటివాళ్ళు ఏం చేశారు

ఇస్లామ్‌లో రోగుల సేవ గుడారంలో మొదలైంది. ఖందఖ్ యుద్ధంలో గాయపడిన సఅద్ బిన్ ముఆజ్ గారిని (రజి) మస్జిదె నబవీ ఆవరణలో వేసిన గుడారంలో ఉంచారు. గాయపడినవాళ్ళకు సేవ చేసిన రుఫైదా గారి (రజి) పేరు అందరికీ తెలిసిందే. ఇటుక లేదు, రాయి లేదు. చూసే మనిషి ఉంది.

తర్వాత బగ్దాద్‌లో, దమాస్కస్‌లో, కైరోలో బీమారిస్తాన్‌లు వచ్చాయి. అబూబకర్ రాజీ బగ్దాద్‌లో దవాఖానకు చోటు ఎంచడానికి ఊరంతా మాంసం ముక్కలు వేలాడదీసి, ఎక్కడ ఆలస్యంగా చెడిందో అక్కడ కట్టమన్నాడని ఒక కథ చెబుతారు. 931లో ఖలీఫా ముఖ్తదిర్ హయాంలో వైద్యులకు పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్ళకే వైద్యం చేసే అనుమతి ఇవ్వాలన్న ఆజ్ఞ వచ్చింది. ఆ పని అప్పగించింది సినాన్ బిన్ సాబిత్‌కు. ఆయన పుట్టింది సాబియన్ కుటుంబంలో. బగ్దాద్ ఆస్థాన వైద్యుల్లో బుఖ్తీషూ వంశంవాళ్ళు క్రైస్తవులు. వైద్యం దగ్గర మతం అడగలేదు. వజీరు అలీ బిన్ ఈసా జైళ్ళకు రోజూ వైద్యులు వెళ్ళాలని, వైద్యులు లేని పల్లెలకు మందులతో తిరగాలని సినాన్‌కు చెప్పాడు. ఒకప్పుడు మన ఊళ్ళకు వచ్చిన 104 బండిని తలచుకొన్నప్పుడు ఈ మాట గుర్తుకు రావాలి.

దమాస్కస్‌లో నూరుద్దీన్ 1154లో పెట్టిన దవాఖాన పంతొమ్మిదో శతాబ్దం దాకా నడిచింది. కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో పెట్టిన మన్సూరీ దవాఖానలో జ్వరాలకు, కళ్ళకు, శస్త్రచికిత్సకు, స్త్రీలకు వేర్వేరు విభాగాలుండేవి. దాని వక్ఫ్ పత్రం ప్రకారం ధనికుడైనా పేదైనా, మగైనా ఆడైనా, ఊరివాడైనా పరాయివాడైనా, కోలుకొనేదాకా ఉండొచ్చు. ఇంటికి పంపేటప్పుడు బట్టలు, కొంత డబ్బు ఇచ్చేవారని చరిత్రకారులు రాశారు. ఎందుకు? లేచిన మరునాడే కూలికి పరుగెత్తి మళ్ళీ పడకూడదని. ఈ ఖర్చులన్నీ ఎక్కడివి? దుకాణాలు, సత్రాలు, పొలాలు వక్ఫ్ చేసి, వాటి కిరాయి దవాఖానకు రాసిపెట్టారు. సుల్తాన్ ఆరేళ్ళకే కన్నుమూశాడు, దవాఖాన వందల ఏళ్ళు బతికింది. ఇప్పటికీ ఆ చోట కంటి దవాఖాన ఉంది.

ఇది ముస్లిముల ఒక్కరి సొత్తని అనుకోవద్దు. సరిగ్గా అదే కాలంలో మన తెలుగునేల మీద, 1261 నాటి మల్కాపురం శాసనం చూడండి. రుద్రమదేవి కాలంలో విశ్వేశ్వర శివాచార్యులు తమకు దానంగా వచ్చిన గ్రామాల రాబడిని వాటాలు వేసి, అందులో ఒక వాటా ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, అన్నసత్రానికి పెట్టారు. కైరోలో వక్ఫ్, కృష్ణ ఒడ్డున దానశాసనం. పేర్లు వేరు, పద్ధతి ఒక్కటే: వైద్యం పక్కనే అన్నం, రెండింటి వెనుక ఆగని రాబడి.

నిజాయితీగా పోల్చుకుంటే

గతాన్ని పొగుడుకొని సంతోషపడడానికి ఈ మాటలు చెప్పడం లేదు. ఆ దవాఖానలు చేయలేనివి చాలా ఉన్నాయి. కాన్పులో రక్తస్రావమైన తల్లిని మన్సూరీ దవాఖాన బతికించలేకపోయేది. అక్కడ రక్తనిధి లేదు. 1348లో ప్లేగు వచ్చినప్పుడు కైరో నగరం పిట్టల్లా రాలింది. క్రిమి అంటే ఏమిటో అప్పుడెవరికీ తెలియదు. మలేరియా దోమ వల్ల వస్తుందని 1897లో రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లోనే కనిపెట్టాడు. దోమలు కుట్టించుకోవడానికి ఒప్పుకొన్న రోగి పేరు హుసేన్ ఖాన్, కుట్టిన దోమకొక అణా చొప్పున తీసుకొన్నాడు. ఆ పేరు కూడా మన పిల్లలకు చెబుతుండాలి.

ఈరోజు నల్లగొండ వాసికి, పాలమూరు వాసికి అందే వైద్యం ఏ సుల్తాన్‌కూ అందలేదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. 108 బండి 2005 నుంచి, ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఉన్నాయి. డయాలసిస్ ఉచితంగా చేస్తున్నారు. మనం కట్టబోయే రెండు గదుల క్లినిక్ వీటితో పోటీపడలేదు, పడాల్సిన అవసరమూ లేదు.

కానీ పాత దవాఖాన చేసిన ఒక పని ఇవాళ ఎవరి లెక్కలోనూ లేదు. రోగిని, అతని ఇంటిని కలిపి చూడడం. యంత్రం ఒంటిని చూస్తుంది. పథకం ఆపరేషన్ ఖర్చు చూస్తుంది. బస్సు కిరాయి, తోడు వచ్చినవాళ్ళ అన్నం, ఆగిపోయిన కూలి, వీటిని చూసేదెవరు?

నిరుడు మన సొసైటీ దగ్గరికి వచ్చిన ఒక తాపీమేస్త్రీ సంగతి మీలో కొందరికి తెలుసు. ఆపరేషన్‌కు పైసా ఖర్చు కాలేదు. ఆరు వారాలు బరువెత్తొద్దని డాక్టర్లు కాయితం మీద రాసి మరీ ఇచ్చారు. పదో రోజుకు పరంజా ఎక్కాడు. ఇంట్లో నలుగురు తినేవాళ్ళు, అతనొక్కడే తెచ్చేవాడు. కుట్లు విడిపోయి మళ్ళీ దవాఖానలో పడ్డాడు. డాక్టరు తప్పు లేదు, అతని తప్పూ లేదు. ఆ ఆరు వారాల బియ్యం, పప్పు, ఇంటి కిరాయి ఎవరైనా చూసి ఉంటే రెండో ఆపరేషన్ ఉండేది కాదు. ఏడు వందల ఏళ్ళ కింద కైరోలో ఇంటికెళ్ళే రోగి చేతిలో డబ్బు పెట్టినవాళ్ళకు ఈ సంగతి తెలుసు.

ఇంకోటి డయాలసిస్. వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు. రోగికి ఉచితమే. కానీ దేవరకొండ వైపు నుంచో, అచ్చంపేట వైపు నుంచో వచ్చేవాళ్ళకు ప్రయాణంతో కలిపి ఆ రోజు మొత్తం పోతుంది. తోడు వచ్చే భార్యదో కొడుకుదో కూలి కూడా పోతుంది. అలా ఒకటి రెండు నెలలయ్యాక కొందరు మానేస్తారు. మిషను సిద్ధంగానే ఉంటుంది, మనిషి రాడు.

మా మనవి

అందుకని దాతలకు, కార్యవర్గానికి మా మనవి ఇది. జకాత్ సంగతి వేరు. అది ఆ యేడే హక్కుదారుల చేతికి చేరాలి. దాన్ని ఈ లెక్కలో కలపొద్దు. సదఖా, అతియా కింద వైద్యం పేరున వచ్చిన సొమ్ముతో భవనం కట్టకుండా, రెండో మూడో దుకాణాలు కొని కిరాయికిద్దాం. వడ్డీ మనకు పనికిరాదు, కిరాయి హలాల్. అసలు కదలదు, రాబడి ఆగదు. పత్రం రాసేటప్పుడు ఆ రాబడి దేనికి ఖర్చు పెట్టాలో ఖలావూన్ వక్ఫ్ పత్రంలా స్పష్టంగా రాసుకొందాం. రేపు కార్యవర్గం మారినా మాట మారదు.

ఆ రాబడితో మూడు పనులు. మొదటిది, ఆపరేషన్ అయి ఇంటికెళ్ళే పేద రోగికి డాక్టరు చెప్పిన విశ్రాంతి రోజులకు సరిపడా రేషన్. రెండోది, డయాలసిస్‌కు, కాన్సర్ చికిత్సకు వెళ్ళేవాళ్ళకు, తోడొచ్చేవాళ్ళకు దారి ఖర్చు, ఒకపూట భోజనం. మూడోది డబ్బు అక్కర్లేని పని. వారంలో రెండు రోజులు మన యువకులు జిల్లా దవాఖాన దగ్గర నిలబడి, చదువు రానివాళ్ళకు ఫారాలు నింపడం, ఏ గదికి పోవాలో చూపడం, తెలుగూ ఉర్దూ తప్ప రానివాళ్ళ మాట డాక్టరుకు చెప్పడం. ఇందుకు మన పదో తరగతి దాటిన పిల్లలే చాలు. బీబీనగర్ చూసొచ్చాక వాళ్ళలో కొందరు ఇప్పటికే పేర్లిచ్చారు.

దుకాణాలు కొనేదాకా ఆగనక్కర్లేదు. నెలకు 500 రూపాయలిచ్చేవాళ్ళు 40 మంది ముందుకొస్తే నెలకు 20,000. దాంతో ఎన్నో ఇళ్ళల్లో పొయ్యి ఆరకుండా చూడొచ్చు. ఒకేసారి లక్ష ఇచ్చి మరిచిపోవడం కంటే, నెలనెలా గుర్తుపెట్టుకొని కొంచెం ఇవ్వడం రోగికి ఎక్కువ ఉపయోగం. రోగం కూడా నెలనెలా వచ్చేదే కదా.

సాయం మన కౌమ్‌కే పరిమితం కావొద్దన్నది కూడా పత్రంలో రాద్దాం. దవాఖాన మెట్ల మీద కూర్చున్న తల్లి పేరు ఏదైనా ఆకలి ఒక్కటే. 

భవనం కడితే మన పేరు గోడ మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది తప్పని మేమనడం లేదు. కానీ సదఖా జారియా అంటే మనిషి పోయాక కూడా పారుతూ ఉండే దానం. పారే నీళ్ళకు చెలమ కావాలి. ఆ చెలమ తవ్వే పని ఈ సభలో మొదలుపెడదాం. తీర్మానం మీ ముందుకు వచ్చినప్పుడు ఆలోచించి చెయ్యెత్తండి. చెయ్యెత్తడంతో పాటు చందా పుస్తకంలో పేరు కూడా రాయండి.

అల్లాహ్ మన రోగులకు షిఫా ప్రసాదించుగాక. వాళ్ళకు సేవ చేసే డాక్టర్లకు, నర్సులకు, ఆయాలకు, స్వీపర్లకు మంచి ప్రతిఫలం ఇచ్చుగాక. ఇచ్చే చేతుల్లో బర్కత్ ఉంచుగాక. ఆమీన్.

వస్సలాము అలైకుమ్.